ఏళ్ళ మురికి పట్టిన చెక్క నేలను బాగుచేసుకోవడం ఎలా?

కోనసీమలో మా అమ్మమ్మగారి ఇల్లు పాత మండువా లోగిలి. మెట్లెక్కి వెళ్తే పైన ఒకే ఒక్క పెద్ద గది ఉంటుంది. దాని నేలంతా టేకు పలకలు. పన్నెండేళ్ళుగా ఆ గదిని ఎవరూ వాడలేదు. మొదట్లో కొబ్బరికాయలు పోశారు, తర్వాత ధాన్యం బస్తాలు వేశారు, చివరికి విరిగిన కుర్చీలూ పాత పరుపులూ చేరాయి. ఫాల్గుణంలో మా పిన్ని కూతురి పెళ్ళి కుదిరింది, చుట్టాలకు విడిది కావాలి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ గది తెరిచి చూస్తే అది మట్టి నేలో చెక్క నేలో కూడా తెలియలేదు. నల్లగా, జిగటగా, అడుగు వేస్తే చెప్పు అంటుకుపోయేలా ఉంది. చూసినవాళ్ళందరూ "ఆ పలకలు పీకేసి స్లాబు వేయించుకోండి" అన్నారు.

నేనూ మా పిన్ని కొడుకూ కలిసి మాఘమాసంలో ఆ పని పెట్టుకున్నాం. ఎండబెట్టడానికి వదిలిన రోజులు తీసేస్తే అసలు పని మూడు రోజులు. కింద నుంచి తేనె రంగు టేకు బయటపడింది. ఒక్క పలక కూడా మార్చలేదు. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది, ఆ ఊరి వడ్రంగి మేస్త్రి దగ్గర అడిగి తెలుసుకున్నది మీకోసం రాస్తున్నాను. మీది పాత ఇంటి టేకు నేల కావచ్చు, హైదరాబాద్ ఫ్లాట్‌లో బెడ్‌రూమ్ ఫ్లోరింగ్ కావచ్చు, అమెరికాలో అద్దె ఇల్లు కావచ్చు. పద్ధతి చాలావరకు ఒకటే, తేడా ఉన్నచోట చెబుతాను.

ముందుగా ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. నేల మీద కనిపించే మురికిలో ఎక్కువ భాగం చెక్కలోకి దిగి ఉండదు. చెక్క మీద ఎప్పుడో వేసిన పాలిష్ పొరకో మైనం పొరకో అంటుకుని ఉంటుంది. ఆ పొర అరిగిపోయిన చోట మాత్రమే చెక్కలోకి వెళ్తుంది. అందుకే చాలా నేలలకు చెక్కను గీకాల్సిన పని రాదు, పైన ఉన్నదాన్ని ఓపికగా ఎత్తేస్తే చాలు. ఆ ఎత్తేటప్పుడు నీళ్ళు ఎంత తక్కువ వాడితే అంత మంచిది.

మీ నేల ఏ రకమో తెలుసుకోండి

ఇది తేల్చుకోకుండా బకెట్ ముట్టుకోవద్దు. గదిలో మంచం కిందో బీరువా వెనకో ఎవరికీ కనిపించని ఒక మూల ఎంచుకోండి. అక్కడ జానెడు చోటు తుడిచి, ఒక నీటి చుక్క వేసి ఐదు నిమిషాలు చూడండి. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే పై పొర ఇంకా బాగుందని అర్థం. చుక్క కింద చెక్క నల్లబడి నీటిని పీల్చేసుకుంటే పొర పోయిందని అర్థం. ఇదే పరీక్ష గది మధ్యలో, గుమ్మం దగ్గర కూడా చేయండి. మా గదిలో గోడల వారగా చుక్క నిలబడింది, నడిచే దారిలో పీల్చుకుపోయింది. అంటే ఒకే గదిలో రెండు రకాల పని ఉందన్నమాట.

పై పొర ఏమిటో తెలియాలంటే తెల్ల గుడ్డ మీద కాస్త మినరల్ టర్పెంటైన్ (పెయింట్‌ను పలచన చేసే ద్రావకం) పోసి అదే మూలలో రుద్దండి. గుడ్డకు పసుపు గోధుమ రంగు మడ్డి అంటుకుని, రుద్దినచోట మెరుపు పోతే అది మైనం. ఏమీ కాకపోతే పాలిష్ వాళ్ళు వాడే స్పిరిట్ ఒక చుక్క వేసి చూడండి. పైపొర మెత్తబడి జిగటగా తయారైతే అది పాతకాలపు లక్క పాలిష్. అలాంటి నేల మీద ఇంకెప్పుడూ స్పిరిట్ వాడకండి, పాలిష్ మొత్తం లేచిపోతుంది. రెండింటికీ చలించకపోతే అది వార్నిష్ గానీ, పాలీయురెథేన్ లాంటి గట్టి పూత గానీ అయి ఉంటుంది.

ఫ్లాట్లలో 'వుడెన్ ఫ్లోరింగ్' అని చెప్పి వేసేది చాలాసార్లు లామినేట్. అందులో పైన కనిపించే చెక్క గీతలు అచ్చు వేసిన బొమ్మ, లోపల ఉన్నది చెక్క పొడిని నొక్కి చేసిన అట్ట. ఒకే రకం ముడి, ఒకే రకం గీత నాలుగైదు పలకలకోసారి మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అది లామినేటే. దాన్ని గీకడం, మైనం పూయడం కుదరదు. సందుల్లో నీళ్ళు దిగితే అంచులు ఉబ్బుతాయి, ఉబ్బిన అంచులు మళ్ళీ అణగవు. ఇంకొకటి ఇంజినీర్డ్ వుడ్. ప్లైవుడ్ మీద అసలు చెక్కను పలచటి పొరగా అతికిస్తారు. ఆ పొర రెండు మూడు మిల్లీమీటర్లే ఉండొచ్చు కాబట్టి మిషన్‌తో గీకించే ఆలోచన అసలు వద్దు.

ఎప్పుడు చేయాలి, ఏం కావాలి

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఉంటే చెక్క ఆరదు. సంక్రాంతి దాటాక ఉగాది లోపు అనువైన సమయం. కోస్తాలో అయితే మరీ ఉదయాన్నే మంచు పడే వేళ కాకుండా, తొమ్మిది దాటాక కిటికీలు తెరిచి మొదలుపెట్టండి.

కావలసినవి పెద్దగా ఖర్చు లేనివే. మెత్తటి కొండ చీపురు, చేట, కొబ్బరి ఈనెల చీపురు ఒకటి, పాత టూత్ బ్రష్షులు, మెత్తటి నైలాన్ బ్రష్, పాత నూలు బట్టలు బోలెడన్ని, రెండు బకెట్లు, అంట్లు తోమే లిక్విడ్ సబ్బు, పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్క, రబ్బరు గ్లౌజులు, ఎన్‌95 మాస్క్. మైనం నేల అయితే పెయింట్ల షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ ఒక లీటరు. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే చాలా మంచిది, కానీ లేకపోయినా పని ఆగదు.

ఇంట్లో ఉన్నా వాడకూడనివి కూడా చెప్పాలి. ఫినాయిల్, బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్, బట్టల సబ్బు పొడి, వాషింగ్ సోడా వీటిలో ఏదీ చెక్క మీద పోయకండి. సబ్బు పొడిలోని క్షారం పై పొరను తినేస్తుంది, చెక్క రంగు మారుస్తుంది. బ్లీచింగూ యాసిడూ కలిస్తే విషవాయువు వస్తుంది, అది ఏ నేల మీదా చేయకూడని పని. పచ్చ రంగు గరుకు స్క్రబ్బర్ గీతలు పెడుతుంది. ఇనుప పీచు ఇంకా ప్రమాదం. దాని సన్నటి ముక్కలు సందుల్లో ఉండిపోయి, తడి తగలగానే తుప్పు పట్టి, టేకు లాంటి చెక్క మీద నల్లటి చుక్కలు పుట్టిస్తాయి. వెనిగర్ నీళ్ళతో తుడవమని చాలామంది చెబుతారు. ఒకసారికి ఏమీ కాదు గానీ, అలవాటుగా తుడిస్తే మెరుపు మందగిస్తుంది. నేనైతే వాడను.

గది ఖాళీ చేసి, ఒక పూట చూడటానికే కేటాయించండి

సామాను అంతా బయట పెట్టించండి. లాగకండి, ఎత్తించండి. బీరువా కాలు ఒక్కసారి ఈడిస్తే పడే గీత మీరు మూడు రోజులు చేసిన పనికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని పలక పలకా చూడండి. పైకి లేచిన మేకులు ఉంటే వాటి మీద మొద్దు మేకో ఇనుప పంచ్ పనిముట్టో పెట్టి సుత్తితో లోపలికి దిగ్గొట్టండి, లేకపోతే గుడ్డా చెయ్యీ రెండూ చిరుగుతాయి. గోడ వారగా సన్నటి మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. పలకల మీద గుండుసూది బెజ్జాలు, వాటి పక్కన మెత్తటి పిండి కుప్పలు ఉంటే పురుగు తొలుస్తోంది. స్క్రూ డ్రైవర్ పిడితో తట్టండి. చేవ ఉన్న చోట ఖంగుమంటుంది, పుచ్చిన చోట డొల్ల శబ్దం వస్తుంది. టేకు చేవకు చెద సులువుగా పట్టదు గానీ చేవ లేని అంచు చెక్కకు పడుతుంది. మా గదిలో ఒక పలక అంచు అలాగే పోయింది. శుభ్రం చేసే ముందే చెదల మందు వేయించాం. ఇది వాయిదా వేస్తే మీ కష్టం వృథా.

పాత ఇళ్ళలో పలకలకు రంగు వేసి ఉంటే ఇంకో జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకితే ఆ దుమ్ములో సీసం ఉండే ప్రమాదం ఉంది. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఆ పని చేయకండి. రంగు గట్టిగా ఉంటే దాన్ని అలాగే ఉంచి, పైన తుడుచుకోవడమే మేలు.

పొడి పని: ఇక్కడే సగం నేల బాగుపడుతుంది

అందరూ తొందరపడేది ఇక్కడే. దుమ్ము ఉండగానే తడి గుడ్డ పెడితే అది బురదవుతుంది. బురద సందుల్లోకి దిగి గట్టిపడుతుంది. దుమ్ములో ఉన్న ఇసుక గుడ్డ కింద గరుకు కాగితంలా పనిచేసి పాలిష్‌ను గీస్తుంది.

మాస్క్ పెట్టుకోండి. కొండ చీపురుతో పలకల పొడవునా, ఒక గోడ నుంచి గుమ్మం వైపుకు మెల్లగా ఊడ్వండి. విసురుగా ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది. వ్యాక్యూమ్ ఉంటే మెత్తటి కుచ్చు బిగించి లాగండి. తివాచీలకు వాడే తిరిగే బ్రష్ మాత్రం ఆపేయండి.

ఎలుకల పెంటికలు గానీ గబ్బిలాల రెట్ట గానీ ఉంటే మాత్రం పొడిగా ఊడ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జబ్బులు వస్తాయి. గది తలుపులు తెరిచి అరగంట గాలి ఆడనిచ్చి, గ్లౌజులు వేసుకుని, వాటి మీద డెటాల్ కలిపిన నీళ్ళు స్ప్రే సీసాతో కాస్త చిలకరించండి. పది నిమిషాలాగి కాగితంతో ఎత్తి కవర్లో కట్టి పారేయండి. చెక్క మీద తడి నిలవకుండా వెంటనే పొడి గుడ్డతో అద్దండి.

ఇక సందులు. పలకకూ పలకకూ మధ్య ఉండే గాడిలో పన్నెండేళ్ళ మట్టి, ఊక, కొబ్బరి పీచు గట్టిపడి కూర్చున్నాయి. స్క్రూ డ్రైవర్‌తో తవ్వబోతే మేస్త్రి ఆపాడు. "ఇనుము పెడితే అంచు రేగుద్ది బాబూ, ఈనె పుల్ల తీసుకో" అన్నాడు. కొబ్బరి ఈనె చివర ఏటవాలుగా కోసి గాడిలో పెట్టి లాగితే, లోపలి మట్టి తాడులా బయటికొచ్చింది. ఈనె విరుగుతుందే తప్ప పలకకు గీత పడదు. కోనసీమలో ఈనెకు కొదవ లేదు కాబట్టి మూడు చీపుళ్ళు అయిపోయినా బాధ లేకపోయింది. పట్నంలో ఉంటే వెదురు పుల్ల, ఐస్‌క్రీమ్ పుల్ల వాడండి. ఒక గాడి పూర్తి కాగానే టూత్ బ్రష్‌తో రాసి, మళ్ళీ ఊడ్చి, అప్పుడు పక్క గాడికి వెళ్ళండి. ఒక విషయం గమనించండి: సందుల్లో మట్టి కాక తాడో, రంపపు పొట్టు కలిపిన జిగురో పెట్టి ఉంటే అది మీ పెద్దవాళ్ళు కావాలని నింపింది. దాన్ని తీయకండి.

నేల మీద కరుడు కట్టిన మట్టి బిళ్ళలు ప్లాస్టిక్ కార్డును పడుకోబెట్టి తోస్తే లేస్తాయి. మాకు ఈ పొడి పనికే ఒక రోజు పూర్తిగా పట్టింది. సాయంత్రానికి చేట చేటగా ఎత్తిన మట్టి ఒక సిమెంట్ బస్తా నిండింది. అప్పటికే నేల రంగు తెలియడం మొదలైంది.

తడి గుడ్డ పని

బకెట్లో ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్ళకు ఒక టీ స్పూను అంట్ల లిక్విడ్ చాలు. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ కాదు, సబ్బు మిగిలిపోయి జిగటగా తయారై మళ్ళీ దుమ్మును లాక్కుంటుంది. రెండో బకెట్లో మంచినీళ్ళు.

నీళ్ళు నేల మీద పోయకూడదు. గుడ్డను ముంచి, ఇద్దరు పట్టుకుని దుప్పటి పిండినట్టు గట్టిగా పిండండి. ఆ గుడ్డతో తుడిచిన చోట తడి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే నీళ్ళు ఎక్కువైనట్టే.

మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న చోటు తీసుకోండి. సబ్బు గుడ్డను మురికి మీద పరిచి ఒక నిమిషం ఉంచండి, మురికి మెత్తబడుతుంది. తీసి, నైలాన్ బ్రష్‌తో చెక్క నార (గీతలు) ఎటు ఉంటే అటే రుద్దండి, అడ్డంగా వద్దు. లేచిన నల్లటి మడ్డిని మంచినీళ్ళలో పిండిన రెండో గుడ్డతో ఎత్తండి. వెంటనే మూడో గుడ్డ, పూర్తిగా పొడిది, వేసి తుడవండి. అప్పుడే పక్క చోటికి జరగండి. ఇద్దరు ఉంటే ఒకరు రుద్దడం, ఒకరు ఆరబెట్టడం చేయొచ్చు, పని చాలా తేలిక. గది లోపలి మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం దాకా వెనక్కి జరుగుతూ రండి.

నీళ్ళు టీ రంగుకు రాగానే మార్చేయండి. మురికి నీళ్ళతో తుడిస్తే మురికిని గది అంతా సమంగా పంచినట్టే అవుతుంది. మేము ఆ ఒక్క గదికి పద్దెనిమిది సార్లు నీళ్ళు మార్చాం. ఒక్క విడతతో పూర్తిగా పోవాలని ఒకేచోట రుద్దుతూ కూర్చోకండి. కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టి ఒక రోజంతా ఆరనిచ్చి, మర్నాడు రెండో విడత చేయండి. మొదటి రోజు కదలని మురికి రెండో రోజు సులువుగా వస్తుంది.

లామినేట్ నేలకు ఇంకా తక్కువ తడి. మైక్రోఫైబర్ గుడ్డ మీదే సబ్బు నీళ్ళు స్ప్రే చేసి తుడవండి, నేల మీద చేయవద్దు. ఆవిరితో తుడిచే స్టీమ్ మాప్ ఏ చెక్క నేలకూ పెట్టకండి. వేడి ఆవిరి సందుల్లోంచి లోపలికి దూరి జిగురును వదిలిస్తుంది.

నీళ్ళు పోస్తే ఏమవుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లోనే జరిగింది. చాలా ఏళ్ళ కిందట అదే గదిలో తూర్పు వైపు పలకల మీద ఎవరో పనివాళ్ళు రెండు బకెట్ల సబ్బు నీళ్ళు పోసి కడిగారు. నీళ్ళు సందుల్లోంచి అడుగుకు దిగాయి. పైభాగం గాలికి ఆరింది, అడుగు తడిగానే ఉండిపోయింది. చెక్క తడికి పొడవులో పెద్దగా పెరగదు, వెడల్పులో పెరుగుతుంది. అడుగు ఉబ్బి, పైభాగం బిగిసి, పలకల అంచులు దోనెలా పైకి లేచాయి. మీకు అలా జరిగితే భయపడి వెంటనే గీకించకండి. కొన్ని వారాలు గాలి ఆడేలా వదిలేస్తే చాలాసార్లు అవే సర్దుకుంటాయి. లేచినప్పుడే అంచులు గీకేస్తే, అడుగు ఆరాక పలక మధ్యలో ఉబ్బెత్తుగా మిగిలిపోతుంది.

సబ్బుకు లొంగని జిగట

మైనం నేల అయితే సబ్బు నీళ్ళ తర్వాత కూడా నల్లటి పొర ఉంటుంది. అది మురికిని మింగిన పాత మైనం. మినరల్ టర్పెంటైన్‌ను నూలు గుడ్డ మీద పోసుకుని చిన్న చోటు రుద్దండి, రెండు నిమిషాలాగి పొడి గుడ్డతో ఎత్తేయండి. గుడ్డ నల్లబడగానే మడత మార్చండి, మురికి గుడ్డతో రుద్దితే వచ్చినదే మళ్ళీ పూసినట్టవుతుంది. మా గదికి ముప్పావు లీటరు పట్టింది, పాత లుంగీలు ఆరు పోయాయి. నేల రంగు పూర్తిగా బయటపడింది ఈ దశలోనే. ఆ తేనె రంగు చూసి మా పెద్దమామయ్య మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఆ టేకు రంగం (బర్మాలోని రంగూన్) నుంచి ఓడలో వచ్చిందని వాళ్ళ నాన్న చెప్పేవారట.

ఈ పని చేసేటప్పుడు మంట దరిదాపుల్లో ఉండకూడదు. దీపం, అగరుబత్తి, సిగరెట్, పక్క గదిలో గ్యాస్ పొయ్యి ఏదీ వద్దు. కిటికీలన్నీ తెరిచి ఉంచండి. తల తిరిగినట్టనిపిస్తే వెంటనే బయటకు వెళ్ళండి. తడిసిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టి పారేయండి. అవిసె నూనె వాడిన గుడ్డలైతే మరీ ప్రమాదం. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండగా చుట్టి పెడితే ఏ నిప్పూ తగలకుండానే అంటుకుంటాయి. వాటిని నీళ్ళలో ముంచి పెట్టాలి.

ఒక్కో మరకకు ఒక్కో మందు

దీపపు నూనె: కొత్తగా ఒలికితే తుడిచి, మీద ముల్తానీ మట్టి మందంగా చల్లి రాత్రంతా వదలండి, పొద్దున ఊడ్చేయండి. రెండు మూడు సార్లు చేయాలి. పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది. దానికి టర్పెంటైన్ గుడ్డే దారి.

పసుపు: మన ఇళ్ళకు ప్రత్యేకమైన మరక ఇది, అందుకే వివరంగా చెబుతాను. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకవుతుందో మీకు తెలుసు. సబ్బు పొడి, సోడా కూడా సున్నంలాంటి క్షారాలే. పసుపు మరక మీద అవి వేస్తే మరక ఎర్రబడి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు పొడిగా ఉన్నదాన్ని టేపు అతికించి పైకి లాగండి. పసుపు రంగు నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. లక్క పాలిష్ కాదని తేలితేనే దూది మీద స్పిరిట్ అద్ది, మరక అంచు నుంచి మధ్యకు అద్దుతూ తీయండి. మిగిలిన లేత పసుపు ఛాయను ఎండకు వదిలేయండి. కిటికీ ఎండ రోజూ రెండు గంటలు పడితే కొన్ని రోజుల్లో అదే వెలిసిపోతుంది. అమెరికాలో అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పూజ మూల దగ్గర పసుపు చూసి టెన్షన్ పడే మనవాళ్ళు చాలామంది ఉంటారు. ఖాళీ చేయడానికి రెండు వారాల ముందే చూసుకుంటే ఎండే సగం పని చేసిపెడుతుంది.

కుంకుమ: తడి తగలనివ్వకండి. తడిస్తే రంగు చెక్కలోకి దిగుతుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో కాగితం మీదకు ఎత్తి, మిగిలినదాన్ని టేపుతో లాగండి.

కొవ్వొత్తి మైనం, చూయింగ్ గమ్: కవర్లో ఐసు ముక్కలు వేసి మీద పెడితే గట్టిపడి పెళుసవుతుంది, ప్లాస్టిక్ కార్డుతో లేపండి. టేపు జిగురుకు హెయిర్ డ్రయ్యర్ గాలి తగిలించి మెత్తబరిచి, నూనె అద్దిన గుడ్డతో తీయండి.

గ్లాసు అడుగున పడే తెల్లటి వలయాలు పాలిష్ పొరలో చిక్కుకున్న తేమ. అవి చెక్కదాకా వెళ్ళలేదు. పొడి నూలు గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టెను బాగా తక్కువ వేడిలో ఉంచి, కొన్ని సెకన్లు మాత్రం అద్ది తీసి చూడండి. లామినేట్ మీద ఇది చేయకండి.

నల్ల మరకలు అందరినీ భయపెడతాయి. మేకు చుట్టూ, ఇనుప ట్రంకు పెట్టిన చోట, పూలకుండీ కింద వస్తాయి. చెక్కలోని వగరు పదార్థమూ ఇనుమూ తడి సాయంతో కలిసి పుట్టే సిరా లాంటిది అది. టేకుకూ వస్తుంది, అమెరికా ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఓక్ చెక్కకు ఇంకా గట్టిగా వస్తుంది. సబ్బుకు కదలదు. కెమికల్స్ అమ్మే షాపులో ఆగ్జాలిక్ యాసిడ్ పొడి దొరుకుతుంది. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో రెండు టీ స్పూన్లు కరిగించి, మరక మీద మాత్రమే బ్రష్‌తో రాసి, పావుగంట ఆగి, తడి గుడ్డతో మూడు నాలుగు సార్లు తుడిచేయండి. పై పొర ఉన్నచోట ఇది లోపలికి దిగదు, పొర పోయిన చోటే పనిచేస్తుంది. ఇది విషం. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వంటపాత్రల్లో కలపకండి, పిల్లలకు అందనివ్వకండి. ఆరాక తెల్లటి పొడి మిగిలితే ఊదకండి, తడి గుడ్డతో ఎత్తండి. మా గదిలో ట్రంకు పెట్టె కాళ్ళ మరకలు నాలుగింటిలో మూడు పోయాయి. నాలుగోది బూడిద రంగుకు తగ్గింది, అంతటితో ఆపేశాం.

గోడలకు రంగులు వేసినప్పుడు పడ్డ చుక్కలకు తడి గుడ్డను పది నిమిషాలు కప్పి ఉంచి, మెత్తబడ్డాక గోటితోనో కార్డుతోనో తీయండి. ఎనామిల్ అయితే టర్పెంటైన్ గుడ్డతో.

గీకాలా, వద్దా

ఇంత చేశాక కూడా నడిచే దారి బూడిద రంగులో, మొరటుగా ఉంటే అక్కడ పొర పూర్తిగా పోయిందన్నమాట. అసలు చెక్క నేలకు మాత్రమే, ఆ చోటు వరకే, 120 నంబరు గరుకు కాగితాన్ని చెక్క దిమ్మకు చుట్టి నార వెంట తేలిగ్గా రుద్దండి, తర్వాత 180 నంబరుతో నున్నగా చేయండి. కొత్తగా గీకిన టేకు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. వెలుతురు తగిలేకొద్దీ పక్కన ఉన్న రంగులో కలిసిపోతుంది, కంగారు పడకండి. గది అంతా మిషన్‌తో గీకిస్తే కొత్తదానిలా మెరుస్తుందనేది నిజమే. కానీ ఎనభై తొంభై ఏళ్ళు పాదాల కింద నునుపెక్కిన చెక్క పైభాగం దుమ్ములో పోతుంది. నేను మాత్రం వద్దనే చెబుతాను.

మళ్ళీ మెరుగు పెట్టడం

శుభ్రమైన నేలను పొర లేకుండా వదిలేస్తే నెలలోనే మళ్ళీ మురికి పడుతుంది. కనీసం రెండు రోజులు ఆరాక, ముందు మైనం ఉన్న నేలకు మళ్ళీ మైనమే పెట్టండి. తేనెమైనం కరిగించి టర్పెంటైన్ కలుపుకునే పాత పద్ధతి ఉంది గానీ, పొయ్యి దగ్గర టర్పెంటైన్ పెట్టమని నేను ఎవరికీ చెప్పను. తయారుగా దొరికే ఫ్లోర్ వ్యాక్స్ డబ్బా తెచ్చుకోండి. గుడ్డలో కొద్దిగా తీసుకుని పలచగా పూసి, అరగంట ఆగి, పొడి గుడ్డతో మెరుపు వచ్చేదాకా రుద్దండి. ఫిలిప్పీన్స్‌లో సగానికి కోసిన ఎండు కొబ్బరి పీచును కాలి కింద పెట్టుకుని చెక్క నేలకు ఇలాగే మైనం మెరుగు పెడతారు. మా కొబ్బరి తోటలో రాలిన కాయల పీచుతో మేమూ చేసి చూశాం, గుడ్డకంటే త్వరగా మెరిసింది.

కొబ్బరినూనె పూస్తే మెరుస్తుందని మా ఊళ్ళో అందరూ చెప్పారు. మెరుస్తుంది, రెండు రోజులు. తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది, కాలు జారుతుంది. పెద్దవాళ్ళు నడిచే ఇంట్లో అసలు వద్దు.

పాలీయురెథేన్ పూత ఉన్న నేలకు, లామినేట్‌కు మైనం పూయకండి. జారుతుంది, తర్వాత కొత్త కోటింగ్ పట్టదు. టేకు మీద వార్నిష్ కొత్తగా వేయాలంటే ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవాలి. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల పూత సరిగా అంటుకోదు. ఇది మేస్త్రికే వదిలేయడం మంచిది.

ఆ తర్వాత రోజూ చేయాల్సింది తక్కువే. గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి కాళ్ళు తుడుచుకునే పట్టాలు వేయండి, ఇసుక లోపలికి రాకుండా. కుర్చీ కాళ్ళకు మెత్తటి ఫెల్ట్ గుడ్డ ముక్కలు అతికించండి. రోజూ పొడి గుడ్డ, వారానికోసారి గట్టిగా పిండిన గుడ్డ. నీళ్ళు ఒలికితే అప్పటికప్పుడు తుడవడం. మా ఇంట్లో పెళ్ళికి ముందే ఆ గది గుమ్మం పక్కన ఒక మేకు కొట్టి పొడి గుడ్డ తగిలించారు. ఎవరి చేతిలో గ్లాసు ఒలికినా, వాళ్ళే ఆ గుడ్డ తీసుకుని తుడిచేవారు.